ఆకలి లేని ఒక్కపొద్దు

మా అత్త బీబమ్మకు ఆకలైందంటే మా వీధి మొత్తానికీ తిండివేళ అయినట్టే. గడియారాలున్న ఇళ్ళు ఆ రోజుల్లో కర్నూలు బుధవారపేటలో ఎన్ని ఉండేవో నాకు తెలియదు గానీ, ఆమె వంటింటి గడపలో నిలబడి "ఏమమ్మా, తింటిరా?" అని ఒక కేక వేస్తే చుట్టుపక్కల పొయ్యిలన్నీ రాజుకునేవి. తనకు ఆకలవుతోందంటే లోకంలో అందరికీ ఆకలవుతోందని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఎదురుపడిన వాళ్ళ చేతిలో ఒక జొన్నరొట్టె పెట్టేది, వాళ్ళకు తోడుగా తానూ ఒకటి తినేది. అట్లా ఊరందరికీ తోడు తినీ తినీ మనిషి గుమ్మం పట్టనంత అయింది. ఈ మాట నాది కాదు, మా మామ రసూల్ సాహెబ్‌ది. ఆయన ఎంత తిన్నా వంటికి పట్టని మనిషి. "నేను ఏకే దూదంతా యాడికి పోతాందో అనుకుంటి, నీ వంట్లోకే పోతాండాది" అని ఆయన ఆటపట్టిస్తే, "నీ మాదిరి ఎముకల మూట పక్కన నేనూ ఇంకో ఎముకల మూటనైతే సంసారం గలగలమని చప్పుడు చేస్తాది పోయ్యా" అని అత్త కసిరేది. ముప్పై ఏళ్ళుగా అదే మాట అంటున్నా ఇద్దరికీ విసుగు పుట్టలేదు.

మాది దూదేకుల ఇల్లు. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడం మా పని. మగవాళ్ళు బజారులో ఉర్దూ మాట్లాడేవాళ్ళు గానీ ఇంట్లో నడిచేది తెలుగే. మేము రంజాన్ నెలను ఒక్కపొద్దుల నెల అంటాం. రోజా అనే మాట మసీదులో మాటగానీ మా వంటింటి మాట కాదు.

యాభై నాలుగు వేసవికి నేను ఆ ఇంటి కోడలినై నాలుగు నెలలు. మా పుట్టిల్లు కోడుమూరు పక్కన ఒక మెట్ట పల్లె. కరువు సంవత్సరం గంజి కేంద్రం ముందు మా అమ్మ వెనకాల సత్తుగిన్నె పట్టుకొని నిలబడిన దాన్ని నేను. అత్తింట్లో మొదటి రోజు ఒక రొట్టె తిని, అంతకు మించి తింటే ఏమనుకుంటారోనని లేచాను. అత్త నా మణికట్టు పట్టుకొని మళ్ళీ కూర్చోబెట్టింది. నా కంచంలో ఇంకో రెండు రొట్టెలు వేసి, ఉల్లిగడ్డ కారం పెట్టి, నేను తినేదాకా ఎదురుగానే ఉండి, తానూ రెండు తింది. నా కడుపులో ఎంత ఖాళీ ఉన్నదో ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు ఆశ్చర్యమేసింది. ఆ పూటే ఆమె మీద నాకు ప్రాణం పడింది. నా పేరు జైనాబ్ బీ అయితే, ఆమె నోట్లో పడి అది జైనా అయింది.

తినే తీరు చూసి మనిషి సంగతి చెప్పడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఎవరింట్లో పోట్లాట జరిగిందో, ఎవరికి జ్వరం రాబోతోందో, ఎవరు నీళ్ళోసుకున్నారో, ఒక్క పూట కంచం ముందు కూర్చుంటే చాలు, కనిపెట్టేసేది. పేటలో చాలామంది ఆడవాళ్ళకు తాము కడుపుతో ఉన్న సంగతి ముందుగా మా అత్త ద్వారానే తెలిసిందని చెప్పుకునేవాళ్ళు.

అన్నీ ఉన్న ఆ మనిషికి ఒకటే తలవంపు. ఒక్కపొద్దులు ఉండలేదు. ప్రతి ఏడూ నెలపొడుపు చూసి ఎంతో పట్టుదలతో మొదలుపెట్టేదట. ఆరో రోజో ఏడో రోజో మూడోజాముకు వంటింట్లో దొరికిపోయేదట. దాచుకోవడం కూడా చేతకాదు. నోట్లో రొట్టె, కళ్ళలో నీళ్ళు పెట్టుకొని తానే బయటికొచ్చి, అల్లా నాకు కడుపిచ్చి దానికి మూత ఇవ్వలేదని ఏడ్చేదట. పేటలో ఎవరూ ఆమె మొహం మీద ఏమీ అనేవాళ్ళు కారు. ఆమె రొట్టె తినని నోరు ఉంటే కదా అనడానికి. కానీ వెనకాల నవ్వుకునేవాళ్ళని ఆమెకు తెలుసు. చచ్చేలోగా ఒక్క ఏడైనా ముప్పై దినాలూ నిండుగా ఉండాలని ఆమె కోరిక. నాతో ఆ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో వేళాకోళం లేదు.

ఆ ముందటేడే కర్నూలు రాజధాని అయింది. ఇళ్ళు చాలక ఆఫీసర్లు, గుమాస్తాలు గుడారాల్లో ఉండేవాళ్ళు. అందరికీ పరుపులు కావాలి. దూది ఏకే మా విల్లుకు తీరిక లేదు. మద్రాసు నుంచి వచ్చి ప్రాక్టీసు పెట్టిన సుందరం అనే డాక్టరు నాలుగు పరుపులు కుట్టమన్నాడు. అవి జట్కాలో వేసుకొని ఇవ్వడానికి అత్తా, నేనూ, మా ఆయన జమాల్ బాషా వెళ్ళాం. డాక్టరు ఇంటికి పదకొండు మెట్లు. అత్త ఆ మెట్లెక్కి పైకి రాగానే కుట్టి తెచ్చిన పరుపు మీదే కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

డాక్టరు మంచివాడు. పరుపుల సంగతి పక్కనపెట్టి ఆమె గుండె చూశాడు, కాళ్ళ వాపు చూశాడు. మా ఆయన్ని పక్కకు పిలిచి, ఇంత బరువును ఆ గుండె ఎక్కువ కాలం మోయలేదని, ఒళ్ళు తగ్గకపోతే మూడు నాలుగేళ్ళకు మించి చెప్పలేనని అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ మాకు వినపడింది. ఆ తర్వాత అత్త ముందు కూర్చొని, బొంబాయి నుంచి కొత్తగా వస్తున్న బిళ్ళలున్నాయని, డాక్టరు చీటీ లేనిదే ఎవరికీ ఇవ్వరని, అవి మింగితే ఆకలి వెయ్యదని చెప్పాడు.

అత్తకు నవ్వొచ్చింది. "ఆకలి చంపేదానికి బిళ్ళా సారూ? మొన్న కరువులో యాడ పెట్టుకోనుంటిరి ఇన్ని దినాలు?" అంది.

డాక్టరు కూడా నవ్వాడు గానీ ఆయనకు ఆ మాట లోతు తెలిసినట్టు లేదు. నాకు తెలిసింది. సత్తుగిన్నె కళ్ళముందు మెదిలింది.

పొద్దున తిండికి ముందు ఒకటి, మధ్యాహ్నం తిండికి ముందు ఒకటి, సాయంత్రం మాత్రం వద్దు అని డాక్టరు చెప్పాడు. అత్త ఒక క్షణం ఆలోచించింది. ఆమె మొహంలో ఏదో వెలిగింది.

"ఇంకో పది దినాలకు మా ఒక్కపొద్దులు వస్తాండాయి సారూ. నెల దినాలు. అప్పుడు గూడా మింగొచ్చునా?" అని అడిగింది.

"ఒక్కపొద్దా? భేషుగ్గా మింగవచ్చు. మా అమ్మ కూడా ప్రతి ఏకాదశికీ ఒక్కపొద్దే. మీకు ఇంకా మంచిది" అన్నాడు డాక్టరు.

వాళ్ళమ్మ ఒక్కపొద్దంటే మధ్యాహ్నం ఒకసారి తిండి, రాత్రికి పాలూ పండూ, దాహమేస్తే ఎన్ని నీళ్ళయినా. మా ఒక్కపొద్దంటే తెల్లవారకముందు మొదలై పొద్దు గూకేదాకా చుక్క నీళ్ళు గొంతు దిగకూడదు. అత్త రోజా అని ఉంటే ఆయన ఆగేవాడేమో. ఒకే మాట ఇద్దరూ చెరో అర్థంతో అనుకొని, ఇద్దరూ తృప్తిగా తల ఊపారు. పక్కనే నిలబడ్డ నాకూ తోచలేదు. ఆ నెలలో మాకు మధ్యాహ్నం తిండి ఎక్కడిది? ఇంటికొచ్చాక అత్త తనకు తానే ఉపాయం కట్టింది. తిండికి ముందర అన్నాడు కదా, తన తిండి రెండు పూటలే కాబట్టి తెల్లవారుజామున తినేముందు ఒకటి, పొద్దు గూకాక ఒక్కపొద్దు విడిచేముందు ఒకటి అని నిర్ణయించుకుంది. సాయంత్రం వద్దన్న మాట ఆమె చెవికి ఎక్కనే లేదు.

నెల మొదలైంది. మే నెల ఎండలు. హంద్రీ ఏట్లో ఇసుక తప్ప ఏమీ కనిపించడం లేదు. మేమంతా మూడోజాముకు చాపల మీద వాలిపోతే అత్త మాత్రం నడుం వాల్చకుండా పరుపులు కుడుతూ ఉండేది. ఆకలి మాటే లేదు. నోరు మాత్రం ఎండిపోయి మాట్లాడితే నాలుక అంగిట్లో అతుక్కునేది. అయినా మాట ఆపేది కాదు. ఆరో రోజు దాటింది. ఏడో రోజు దాటింది. ఎనిమిదో రోజు పొద్దు గూకినప్పుడు ఖర్జూరం చేతిలో పట్టుకొని ఆమె ఏడ్చింది. మా మామ కూడా మొహం పక్కకు తిప్పుకొని కళ్ళు తుడుచుకున్నాడు. పేట ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పదో రోజుకు పక్క పేటల నుంచి కూడా చూడ్డానికి వచ్చారు.

ఆమెకు నిద్ర లేకుండా పోయింది. రాత్రిళ్ళు లేచి ఇత్తడి సామానంతా తోమేది. అది అయిపోతే మామ విల్లు అందుకొని దూది ఏకేది. ఆ తీగ చప్పుడుకి పక్కింటి గురమ్మ మొగుడు తెల్లారిందనుకొని చీకట్లోనే పనికి బయల్దేరి, సగం దారిలో ఎవరూ కనబడక తిరిగొచ్చాడట. గురమ్మ పొద్దున్నే వచ్చి ఆ సంగతి చెబితే ఇల్లంతా పడీ పడీ నవ్వాం. అత్త గాజులు వదులయ్యాయి. రవిక కుట్లు లోపలికి వేసుకుంది. మా మామ మాత్రం నవ్వడం తగ్గించాడు. ఒకరోజు నాతో, "మనిషి తగ్గుతాండాది సరే, దాంతో మాట్లాడాలంటే పరుగెత్తాల్సి వస్తాండాది" అన్నాడు.

నాకు తెలిసింది ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరికి చెప్పాలో తెలియలేదు. సాయంత్రం అందరం కూర్చుంటే అత్త ఒక ఖర్జూరం నోట్లో వేసుకొని, గంజి రెండు గుక్కలు తాగి లేచిపోయేది. మా కంచాల వైపు చూసేది కాదు. ఎవరికి ఏమి వేశారో, ఎవరు తిన్నారో, ఎవరు చాలించారో ఆమెకు పట్టడం లేదు. ఆమె వడ్డిస్తేనే నిండుగా తినడం అలవాటైన దాన్ని, మామ ముందు, మొగుడి ముందు నాకు నేనే మూడో రొట్టె వేసుకోవడానికి చేయి రాలేదు. మళ్ళీ ఒక రొట్టెతో లేవడం మొదలుపెట్టాను.

అప్పటికి నాకు రెండో నెల. ఎవరికీ చెప్పలేదు. మా వైపు పిల్ల తన నోటితో తాను చెప్పుకోదు. అత్త కనుక్కుంటుంది, అత్త చెబుతుంది. అందులోనూ మా అత్త లాంటి అత్త. ఈ రోజు కనుక్కుంటుంది, రేపు కనుక్కుంటుంది అని ఎదురుచూశాను. కడుపుతో ఉన్నవాళ్ళు ఒక్కపొద్దు ఉండక్కర్లేదని నాకు తెలుసు. కానీ చెప్పకుండా ఎట్లా మానను? జన్మలో మొదటిసారి ఆమె నిలబెట్టుకుంటున్న నెలలో నేను పట్టపగలు కూర్చొని ఎట్లా తినను? పొద్దున తిన్నది కక్కుకుంటూ, కళ్ళు తిరుగుతుంటే గోడ పట్టుకుంటూ పదహారు రోజులు గడిపాను. ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకున్నా కొంచెం వస్తుంది.

పదిహేడో రోజు మధ్యాహ్నం గురమ్మ మంచినీళ్ళకు వచ్చింది. కొత్త సర్కారు షెడ్లకు కంకర మోసే కూలి పని ఆమెది. చెంబెడు నీళ్ళు గటగటా తాగి, చెంగుతో మొహం తుడుచుకొని, వసారాలో పరుపు కుడుతున్న అత్త పక్కన కూలబడింది.

"నీ బిళ్ళల సంగతే పేటంతా చెప్పుకుంటాండారు బీబమ్మక్కా. మా ఇంట్లో ముగ్గురు పొద్దుమానం ఆకలి ఆకలి అని నన్ను తింటాండారు. నాక్కూడా ఓ రెండు ఇయ్యరాదా?" అంది నవ్వుతూ.

మా ఇంటికి వచ్చి ఎవరూ రొట్టె కావాలని అడిగేవాళ్ళు కారు. ఆకలి మాట ఏదో ఒకటి నవ్వులాటగా ఎత్తేవాళ్ళు. అత్త లేచి వెళ్ళి రొట్టెలు తెచ్చేది. అది ఆ ఇంటి మర్యాద. గురమ్మ కూడా ఆ మర్యాద ప్రకారమే అడిగింది. అది నాకు తెలిసింది, గోడ అవతల ఉన్నవాళ్ళకైనా తెలిసేది.

అత్త సూది ఆపలేదు. తల ఎత్తలేదు. ఎడమచేత్తో నడుముకు దోపుకున్న వక్కాకు సంచి తీసి, అందులోంచి కాగితం ముక్కలో చుట్టి ఉన్న రెండు బిళ్ళలు గురమ్మ చేతిలో పెట్టింది.

"తిండికి ముందర మింగల్ల. పిల్లోల్లకైతే సగం సగం చెయ్యి" అంది.

గురమ్మ ఆ పొట్లం వైపు చూసింది. అత్త వైపు చూసింది. లేచి పనికి వెళ్ళిపోయింది.

అత్త తినక మిగిలిపోయిన రొట్టెలు వంటింట్లో గంపలో ఉన్నాయి. చేతికందినన్ని గుడ్డలో చుట్టుకొని, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాను. కోడలు పిల్ల అట్లా పరుగెత్తకూడదని నాకు గుర్తు రాలేదు. గంజి కేంద్రం ముందు మా అమ్మకు ఎవరైనా ఇట్లాంటి పొట్లం ఇచ్చి పంపి ఉంటే అనే ఆలోచన ఒక్కటే తలలో తిరిగింది. వీధి చివర గురమ్మను అందుకున్నాను.

"అవి నాకియ్యి గురమ్మక్కా. ఇవి తీసుకో. పిల్లోల్లకు అవి పెట్టొద్దు" అన్నాను.

ఆమె పొట్లం నా చేతిలో పెట్టి, రొట్టెలు తీసుకొని, నా మొహం లోకి తేరిపార చూసింది. "పిల్లా, నీకు ఎన్నో నెల?" అంది.

జవాబు చెప్పేలోగా వీధి పక్కకు ఒరిగింది.

కళ్ళు తెరిచేసరికి మా వసారాలో, సగం కుట్టిన పరుపు మీద ఉన్నాను. అత్త నా పిడికిలి విప్పింది. పొట్లం చూసింది.

"మింగితివా? ఎన్ని మింగితివే? చెప్పు తల్లీ, కోప్పడను" అంది.

గురమ్మ గుమ్మం దగ్గరే ఉంది. "మింగల్యాక్కా. నాకు రొట్టెలిచ్చి అవి తీసుకుండాది. ఆ పిల్ల కడుపుతో ఉండాది. నువ్వు చూసుకోల్యా?" అని మెల్లగా అంది. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే ఆమెకు ఆశ్చర్యంగా ఉంది.

పేటలో ఎవరెవరికో వాళ్ళ కడుపు సంగతి ముందుగా చెప్పిన మనిషి, తన కోడలి సంగతి కంకర మోసే గురమ్మ నోట వింది. ఆమె మొహం అట్లా వాడిపోవడం నేను చూడలేకపోయాను. పదహారు రోజుల కోపం ఎటు పోయిందో పోయింది. కాసేపటికి లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి, నా తల ఒళ్ళో పెట్టుకొని పెదాలకు ఆనించింది. ఒక్కపొద్దు అని నేను గొణిగాను. నోరు తెరవమంది. తాగాను. ఆ నీళ్ళ చల్లదనం ఇప్పటికీ నా గొంతులో ఉంది.

తర్వాత ఆమె పొయ్యి వెలిగించింది. పట్టపగలు, ఒక్కపొద్దుల నెలలో, మా ఇంటి నుంచి జొన్నరొట్టె వాసన వీధిలోకి పోయింది. గురమ్మను పంపి ముగ్గురు పిల్లలనూ పిలిపించింది. గురమ్మకు, పిల్లలకు, నాకు వరసగా వడ్డించింది. వాళ్ళు వెళ్ళాక నా పక్కన కూర్చొని చాలాసేపు నా పాదాలకంటిన దుమ్ము తుడుస్తూ ఉండిపోయింది.

"ఆకలున్నన్ని దినాలు ఎవరి మొగం చూసినా తెలుస్తాండె జైనా నాకు. అది చచ్చినాక ఒక్కరూ కనపడల్యా. నువ్వు గూడా కనపడల్యా" అంది.

ఆ సాయంత్రం సంచిలోని బిళ్ళలన్నీ ఒక పొట్లం కట్టి, రేపు డాక్టరుకు ఇచ్చేస్తానని మామకు చెప్పింది. మామ సంతోషిస్తాడని నేననుకున్నాను. ఆయన తింటున్న కంచం పక్కకు జరిపాడు. మెట్ల మీద ఆమె పెదాలు నల్లబడిన సంగతి మా ఆయన ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పి ఉన్నాడు. బిళ్ళలు మానొద్దని, పండగ దాకానైనా మింగమని, ఒళ్ళు కొంచెం తగ్గింది కదా అని బతిమాలాడు. ఆటపట్టించడం తప్ప ఆయనకు వేరే మాట రాదనుకునేదాన్ని.

"లావుగుండు, సన్నగుండు, నీ ఇష్టం. నాకు నువ్వు ఉండాల బీబీ" అన్నాడు.

"ఉంటా. ఆకలి పెట్టుకోనే ఉంటా. అది లేకుంటే నేనెవురో నాకే తెలీకుండా పోతాండాది" అంది అత్త.

మర్నాడు డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. పదకొండు మెట్లూ మూడుసార్లు ఆగి ఎక్కింది. పొట్లం బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పింది. పొద్దు గూకేదాకా నీళ్ళు కూడా తాగకూడదనే సంగతి మాటల మధ్యలో వచ్చేసరికి డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నీళ్ళు కూడానా, ఈ ఎండల్లోనా అని రెండుసార్లు అడిగాడు. ఇటు నా వైపు తిరిగి, రాత్రి పూట కూడా ఒకటి మింగుతోందా అని అడిగాడు. అవునన్నాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఒక్కపొద్దు అంటే మా అమ్మ ఒక్కపొద్దే అనుకున్నాను, అడగాల్సింది, తప్పు నాదేనమ్మా అన్నాడు. అంత చదువుకున్న మనిషి ఒక దూదేకుల ఆడమనిషి ముందు ఆ మాట అనడం చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. గుండె మళ్ళీ చూసి, ఒక్కపొద్దులు ఇక ఆపేయమని, రోజూ రొట్టెలు సగం చేసుకోమని, పొద్దున్నే ఏటిదాకా నడవమని చెప్పాడు.

అత్త చేతులు జోడించింది. "అన్నీ వింటా సారూ. ఒక్క దినం ఇయ్యి నాకు. పదిహేడు దినాలు బిళ్ళ ఉనింది ఒక్కపొద్దు, నేనుండల్యా. ఒక్క దినమన్నా నేనుండి చూస్తా" అంది.

డాక్టరు, రెండు రోజులు కడుపు నిండా తిని, బాగా నిద్రపోయి, ఆ తర్వాత ఒక్కరోజంటే ఒక్కరోజే, నీడ వదలకుండా కూర్చుంటానంటేనే అని ఒప్పుకున్నాడు.

ఆ రెండు రోజులూ ఆమె మొద్దులా నిద్రపోయింది. మేము తట్టి లేపి తినిపించి మళ్ళీ పడుకోబెట్టాం. విల్లు మూల పడి ఉంది. మామ గంటకోసారి వచ్చి ఆమె గురక వినబడుతోందా అని గుమ్మంలో నిలబడి పోయేవాడు.

ఆమె ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికింది. డాక్టరు చెప్పిన దానికి మూడింతలు. ఏటిదాకా నడిచింది, రొట్టెలు సగం చేసుకుంది, అప్పుడప్పుడూ దొంగతనంగా ముప్పాతిక చేసుకుంది. సన్నబడలేదు గానీ మెట్లెక్కితే పెదాలు నల్లబడటం తగ్గింది. ముప్పై ఒక్కపొద్దులూ ఏ ఏడూ నిండలేదు. దానికి తర్వాత ఎప్పుడూ ఏడవలేదు. నా ముగ్గురు పిల్లలూ ఆమె ఒళ్ళోనే పెరిగారు. ఇదంతా ఉన్నా, ఆమెను తలుచుకుంటే నా కళ్ళ ముందుకు వచ్చేది ఆ మూడో రోజు మధ్యాహ్నమే.

ఆ రోజు తెల్లవారుజామున ఆమె బిళ్ళ లేకుండా తిని, నీళ్ళు తాగి, ఒక్కపొద్దు పట్టింది. మధ్యాహ్నానికి ఎండ వసారా దాటి లోపలికి వచ్చింది. ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి, పీట వేసి, వేడి రొట్టెలు, గోంగూర పప్పు వడ్డించింది. బయటికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. ఎదురుగా గోడకు ఆనుకొని కూర్చొని విసనకర్రతో నాకు విసరసాగింది.

ఆమె కళ్ళు నా చేతి వెంట కంచం లోకి, కంచం నుంచి నోటికి తిరుగుతున్నాయి. మధ్యలో ఆమె కడుపు గట్టిగా ఉరిమింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. నవ్వి నవ్వి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేను పక్క గదిలో తింటాలే అత్తా" అన్నాను.

"వద్దు. ఈన్నే కూసోని తిను. నువ్వు తింటాంటే నాకు శానా ఆకలైతాండాది" అంది.

ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం ఎట్లా ఉన్నదో నాకు చెప్పడం రాదు. పెళ్ళిరోజు నా మొహం అట్లా ఉండి ఉంటుంది. కంచం లోకి ఒకసారి, నా మొహం లోకి ఒకసారి చూసి, నేను అడగకుండానే మూడో రొట్టె వేసింది. తర్వాత నాలుగోది వేసింది. నేను నాలుగూ తిన్నాను. పొద్దు గూకేదాకా ఆమె గొంతులోకి చుక్క నీళ్ళు దిగలేదు.